అద్దె ఇంట్లో హక్కులు, హద్దులు – 4వ పాఠం: రిపేరు ఖర్చు అద్దెలో పట్టుకోవడం

ఈసారి సబ్‌లెట్ గురించి, అంటే మనం అద్దెకున్న ఇంటిని మరొకరికి అద్దెకివ్వడం గురించి చెప్పాలి. అది వచ్చే పాఠానికి జరిపాను. ఓనరు పట్టించుకోని రిపేరును మనమే చేయించి ఆ ఖర్చు అద్దెలో పట్టుకోవచ్చనే 108వ సెక్షన్, ఎఫ్ క్లాజును పోయిన పాఠంలో చదివి చాలామంది ఈ నెల అద్దె తగ్గించి పంపారు. బెంగళూరు మారతహళ్లిలో ఒకరు పండక్కి హాలుకు రంగులు వేయించి ఆ డబ్బు పట్టుకున్నారు. ఇంకొకరు గీజరు మార్పించి, ఓనరుకు బిల్లు మాత్రం పంపారు. ఇద్దరినీ ఖాళీ చేయమన్నారు.

ఈ 108వ సెక్షన్ ఆస్తి బదలాయింపు చట్టం, 1882లోనిది. అద్దె నెలకు 3,500 రూపాయలు దాటితే కర్ణాటక అద్దె చట్టం వర్తించదు కాబట్టి బెంగళూరులో మనలో దాదాపు అందరికీ ఇదే దిక్కు.

ఎఫ్ క్లాజులో మూడు షరతులున్నాయి. ఆ రిపేరు ఓనరు చేయించాల్సిన బాధ్యత ఉన్నదై ఉండాలి. మీరు ముందుగా నోటీసు ఇవ్వాలి. తగినంత సమయం గడిచినా అతను పట్టించుకోకపోవాలి. అప్పుడే మీరు చేయించి, ఖర్చును వడ్డీతో సహా అద్దెలో పట్టుకోవచ్చు.

అందరూ తడబడేది మొదటి షరతు దగ్గరే. ఏ రిపేర్లు ఓనరువో ఈ సెక్షన్ జాబితా ఇవ్వలేదు. పైకప్పు కారితే ఓనరే చూసుకోవాలి కదా అని మనం అనుకుంటాం. చట్టం ఆ మాట అనలేదు. బాధ్యత ముఖ్యంగా మీ అగ్రిమెంటులోంచి రావాలి. పైగా 108వ సెక్షన్ మొదలయ్యేదే 'దీనికి విరుద్ధమైన ఒప్పందం గానీ స్థానిక ఆచారం గానీ లేనప్పుడు' అని. 'చిన్నాచితకా రిపేర్లు అద్దెకున్నవారివే' అని మీరు సంతకం పెట్టి ఉంటే కుళాయి వాషరు నుంచి స్విచ్ బోర్డు దాకా మీ ఖర్చే. రంగులు మీ ముచ్చట, రిపేరు కాదు. గీజరు అగ్రిమెంటు వెనక ఉండే సామాన్ల లిస్టులో ఉంటే అడగడానికి ఆధారం ఉంటుంది, లేకపోతే కష్టం.

నోటీసు అంటే ఫోన్లో చెప్పడం కాదు. కన్నడలోనో ఇంగ్లీషులోనో ఇలా రాయండి: "సార్, వంటింటి పైకప్పు నుంచి నీళ్లు కారుతున్నాయి. ఫోటోలు పంపుతున్నాను. అగ్రిమెంటు 9వ క్లాజు ప్రకారం ఇది మీరు చేయించాల్సిన పని. 20వ తేదీలోగా చేయించండి. లేకపోతే నేనే చేయించి, బిల్లు మొత్తాన్ని వచ్చే నెల అద్దెలో తగ్గించుకుంటాను." నేనైతే వాట్సాప్‌లో పంపి, అదే కాగితాన్ని స్పీడ్ పోస్టులో కూడా వేస్తాను. గడువు ఎన్ని రోజులో చట్టంలో లేదు. మామూలు పనికి నేను 15 రోజులు ఇస్తాను, నీళ్లు కారుతుంటే మూడు. పని మొదలుపెట్టే ముందు ఇద్దరు మేస్త్రీల దగ్గర కొటేషన్ తీసుకోండి.

ఖాళీ చేయమన్న చోట కంగారు పడకండి. నెలనెలా అద్దె మీదున్న ఇంటికి 106వ సెక్షన్ ప్రకారం 15 రోజుల రాతపూర్వక నోటీసు కావాలి, అగ్రిమెంటులో వేరే గడువు ఉంటే అది. తాళం మార్చేసి బయటికి నెట్టేస్తే స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం, 1963లోని 6వ సెక్షన్ కింద ఆరు నెలల్లోగా దావా వేయాలి.

ఒకవేళ ఖాళీ చేయాల్సి వస్తే, మీరు బిగించిన ఏసీ, దోమల జాలీ తలుపులు మీవే. తాళంచెవి ఇచ్చేలోగా విప్పుకుని, కన్నాలు పూడ్చండి. డాబా మీద పక్కా షెడ్డు మాత్రం ఓనరు ఒప్పుకోకుండా కట్టకూడదు.

అభ్యాసం: అగ్రిమెంటు, పెన్సిలు తీసుకోండి. మోటారు, ట్యాంకు, డ్రైనేజీ, వైరింగు, కిటికీలు, బాత్రూం చెమ్మ, ఇలా ఇంట్లో పాడవగల ప్రతిదాన్నీ రాసి, పక్కన బాధ్యత ఎవరిదో, ఏ క్లాజులో ఉందో రాయండి. క్లాజు దొరకని ప్రతి పనికీ ఒక్కో వాక్యం మీరే తయారుచేయండి. పదకొండు నెలలు నిండి అగ్రిమెంటు తిరగరాసేటప్పుడు ఆ వాక్యాలు ఓనరు ముందు పెట్టి, ఇద్దరూ సంతకాలు చేయండి.