ఓవీ స్టోరు మూతపడ్డాక పాత నోకియా ఫోనును వాడుకోవడం ఎలా

విజయవాడలో ఇప్పటికీ ఎన్నో ఇళ్లలో, బీరువా అడుగునో అటక మీదో, నోకియా 5233 వంటి సింబియన్ (అప్పటి నోకియా ఫోన్లను నడిపిన సాఫ్ట్‌వేర్) ఫోను ఒకటి ఉంటుంది. అది చేతికి రాగానే రీసెట్ కొట్టవద్దు. 2009 మే నెలలో నోకియా ప్రారంభించిన ఓవీ స్టోరు, క్రెడిట్ కార్డు లేనివారు సైతం పలు దేశాల్లో మొబైల్ బిల్లు ద్వారానే యాప్‌లు కొనుక్కునే వీలు కల్పించి వేగంగా ఎదిగినప్పటికీ, 2011 ఫిబ్రవరిలో కంపెనీ సింబియన్‌ను పక్కనపెట్టి మైక్రోసాఫ్ట్ వారి విండోస్ ఫోన్ వైపు మొగ్గడంతో దాని పునాదే కదిలిపోయింది. నోకియా స్టోరుగా పేరు మారిన ఆ దుకాణం 2014 జనవరి నుంచి సింబియన్‌కు కొత్త యాప్‌లను, అప్‌డేట్లను తీసుకోవడం ఆపివేసింది; 2015లో దాని స్థానంలోకి ఒపేరా మొబైల్ స్టోరు వచ్చింది. కాబట్టి అప్పట్లో డబ్బు పెట్టి కొన్న యాప్ అయినా, ఫోనులోంచి చెరిగిపోతే మళ్లీ ఇచ్చే దుకాణం లేదు.

ముందుగా బ్యాటరీ చూడండి. పూరీలా ఉబ్బి ఉంటే దాన్ని పక్కన పెట్టి, బీసెంట్ రోడ్డు పరిసరాల్లోని రిపేరు దుకాణాల్లో బీఎల్-5జే రకం బ్యాటరీ అని అడగండి. ఈ ఫోనుకు యూఎస్‌బీ రంధ్రం ఉన్నా దాని ద్వారా ఛార్జింగ్ ఎక్కదు, సన్నపిన్ను ఛార్జరే కావాలి.

ఫోటోలను మెమరీ కార్డు ద్వారా కంప్యూటరులోకి ఎక్కించండి. ఫోన్ నంబర్లను బిజినెస్ కార్డు రూపంలో బ్లూటూత్ ద్వారా ఆండ్రాయిడ్ ఫోనుకు పంపవచ్చు. ఐఫోన్ వాటిని అందుకోదు.

అసలు చిక్కంతా యాప్ ఎక్కించడంలోనే ఉంది. 5233లో వైఫై గానీ 3జీ గానీ లేవు, 4జీ, 5జీ మాత్రమే ఉన్న జియో సిమ్ అందులో పనిచేయదు, పైగా నేటి వెబ్‌సైట్ల భద్రతా పద్ధతులు ఆనాటి బ్రౌజరుకు చాలావరకు అంతుపట్టవు. అందువల్ల మీ పాత కంప్యూటరులో దాచుకున్న సిస్ ఫైలు (సింబియన్ యాప్‌ను ఎక్కించే ఫైలు) ఉంటే, దాన్ని మెమరీ కార్డులోకి కాపీ చేసి, ఫోనులోని ఫైల్ మేనేజరు నుంచి తెరవండి. సర్టిఫికెట్ (యాప్ అసలుదేనని చెప్పే డిజిటల్ ముద్ర) గడువు ముగిసిందని ఫోను మొరాయిస్తే, తేదీని ఆ యాప్ విడుదలైన కాలానికి వెనక్కి జరిపి మళ్లీ ప్రయత్నించండి; ఇన్‌స్టలేషన్ సెట్టింగుల్లో ఆన్‌లైన్ సర్టిఫికెట్ తనిఖీని కూడా ఆపివేయండి. ఊరూ పేరూ తెలియని చోట దొరికిన ఫైళ్ల జోలికి మాత్రం పోకపోవడమే మేలని నా అభిప్రాయం. యాప్ ఎక్కిన వెంటనే తేదీని సరిచేయండి, లేకపోతే కాల్ వివరాలూ క్యాలెండరూ తారుమారవుతాయి.