తోకచుక్క కోసం దుర్భిణీ కన్నా ముందు చెరువు కట్ట వెతకండి

సూర్యుణ్ణి ఒకసారి చుట్టి రావడానికి 200 ఏళ్లకు పైగా పట్టే తోకచుక్కల్ని దీర్ఘకాలిక తోకచుక్కలంటారు. ఇవి బాగా వెలిగేది పరిహేళి దగ్గర, అంటే సూర్యుడికి అతి సమీపంగా వచ్చే రోజుకు అటూ ఇటూ కొన్ని వారాలు. అప్పుడు ఆకాశంలోనూ చాలావరకు సూర్యుడి పక్కనే ఉంటాయి. అందుకే చూసే చోటు ముఖ్యం.

లెక్క చూడండి. తోకచుక్క సూర్యుడికి 20 డిగ్రీల దూరంలో, నిట్టనిలువుగా పైన ఉందనుకుందాం. వరంగల్‌లో పొద్దుగూకిన 50 నిమిషాలకు సూర్యుడు 12 డిగ్రీలు కిందికి దిగుతాడు. ఇక తోకచుక్కకు మిగిలిన ఎత్తు 8 డిగ్రీలు. వంద మీటర్ల దూరంలో పది మీటర్ల తాటిచెట్టు ఉంటే అదే దాదాపు 6 డిగ్రీలు మూసేస్తుంది. చేయి చాపి పిడికిలి పెడితే సుమారు 10 డిగ్రీలు, నడిమి మూడు వేళ్లు 5 డిగ్రీలు. పగలే వెళ్లి ఇలా కొలిచి రండి.

సాయంత్రం కనిపించేదైతే నీళ్లు పడమర వైపు ఉండే చెరువు కట్ట, తెల్లవారుజామున కనిపించేదైతే నీళ్లు తూర్పున ఉండే కట్ట కావాలి. లక్నవరం, పాకాల, రామప్ప చెరువులు చీకటికి మంచివే కానీ చుట్టూ గుట్టలున్నాయి. తక్కువ ఎత్తులో ఉన్న తోకచుక్కకు అవి పనికిరావు. నర్సంపేట, ములుగు వైపు ఊరి బయటి చిన్న చెరువు మేలు. చలికాలపు తెల్లవారుజామున నీటి మీద మంచు లేస్తుంది కాబట్టి అప్పుడు కట్ట వదిలేసి రాతి గుట్ట ఎక్కండి.

తోకచుక్క స్థానం కోసం కంప్యూటర్‌లో ఆకాశాన్ని చూపే స్టెల్లేరియం సాఫ్ట్‌వేర్‌లో సోలార్ సిస్టమ్ ఎడిటర్ ప్లగిన్ ఆన్ చేసి, తోకచుక్కల కక్ష్యలు లెక్కగట్టే అంతర్జాతీయ సంస్థ మైనర్ ప్లానెట్ సెంటర్ ఇచ్చే కొత్త కక్ష్యా వివరాలు ఎక్కించండి. ప్రదేశం వరంగల్‌ది: 18.0 ఉత్తరం, 79.6 తూర్పు. ఎక్కువ మంది తప్పేది తేదీ దగ్గరే. తోకచుక్క స్థానాల పట్టికల్లో ఉండేది విశ్వ సమయం (యూటీ), దానికి 5 గంటల 30 నిమిషాలు కలపాలి. 13వ తేదీ 23:15 అని ఉంటే మనకది 14వ తేదీ ఉదయం 4:45. ఇది మరిస్తే ఒక రోజు ముందే వెళ్లి తప్పు చోట వెతికి వస్తారు.

ప్రకాశం అంచనాలను మాత్రం పూర్తిగా నమ్మొద్దు. ఐసాన్ అనే తోకచుక్క 2013 నవంబర్ 28న సూర్యుడి పక్కగా వెళ్తూ ముక్కలైపోయింది. సుచిన్‌షాన్-అట్లాస్ అనే మరో తోకచుక్క 2024 సెప్టెంబర్ 27న పరిహేళి దాటి నిలిచింది, అక్టోబర్ మధ్యలో సాయంత్రాల్లో కంటికే కనిపించింది. ఇంకో మాట: చెప్పే ప్రకాశ పరిమాణం (మాగ్నిట్యూడ్, అంకె తగ్గేకొద్దీ వెలుగు ఎక్కువ) మొత్తం వెలుగుది. ఆ వెలుగు పరుచుకుని ఉంటుంది కాబట్టి 5 అని చెప్పిన తోకచుక్క 5వ పరిమాణపు నక్షత్రం కన్నా మసకగా ఉంటుంది. దిగంతం దగ్గరి గాలి దాన్ని ఇంకా తగ్గిస్తుంది.

10x50 (పది రెట్లు పెద్దగా చూపే, 50 మిల్లీమీటర్ల కటకాల) బైనాక్యులర్ చాలు. సాయంత్రం సూర్యుడు పూర్తిగా మునిగాకే ఎత్తండి, ఉదయమైతే సూర్యోదయానికి ముందే దించేయండి. పొరపాటున సూర్యుడు అందులో పడితే చూపు పోతుంది. తోక ఎప్పుడూ సూర్యుడికి అవతలి వైపే ఉంటుంది కనుక సంధ్యవేళ దిగంతం నుంచి పైకి సాగుతుంది. ఒక్కోసారి తల మునిగినా తోక మిగులుతుంది. ధూళి తోక పసుపుగా, వంపుగా ఉంటుంది. విద్యుదావేశమున్న వాయువుల అయాను తోక నీలంగా, తిన్నగా ఉండి ఎక్కువగా ఫొటోల్లోనే చిక్కుతుంది.

ఫొటోకు ట్రైపాడ్ తప్పనిసరి. 50 మిల్లీమీటర్ల లెన్స్, చిన్న సెన్సర్ (ఏపీఎస్-సి) కెమెరా అయితే 6 సెకన్లు మించితే చుక్కలు గీతలవుతాయి. ఐఎస్ఓ 1600తో మొదలుపెట్టి, ఫోకస్‌ను ప్రకాశవంతమైన నక్షత్రం మీద చేత్తో సరిచేయండి.

ప్రకాశం మీరే అంచనా వేయొచ్చు. తోకచుక్క తల ఎంత పెద్దగా ఉందో గుర్తుంచుకుని, అదే ఎత్తులో ఉన్న నక్షత్రాలను అంత పెద్దగా కనిపించేదాకా ఫోకస్ చెడగొట్టి పోల్చండి. ఒకటి తోకచుక్క కన్నా ప్రకాశంగా, ఒకటి మసకగా దొరికితే విలువ ఆ రెంటి మధ్య ఉంటుంది. సమయం, పరికరం, పోల్చిన నక్షత్రాల పేర్లు అక్కడికక్కడే రాసుకోండి.