పాత డీజిల్ బండిలో బెల్టు శబ్దం: ఏ పుల్లీదో పట్టుకోవడం ఎలా

పొద్దున సెల్ఫ్ కొట్టగానే కీచుమని అరిచి రెండు నిమిషాల్లో తగ్గిపోయే శబ్దం వేరు, ఇంజిన్ వేడెక్కే కొద్దీ గరగరమంటూ పెరిగే శబ్దం వేరు. మొదటిది చాలావరకు బెల్టు జారడం వల్ల వస్తుంది. రెండోది పుల్లీ లోపలి గుండ్ల బేరింగు పని. ఈ తేడా చూడకుండా ముందు బెల్టు మార్పించేస్తే కొత్త బెల్టు కొన్నాళ్లు ఊరుకుని మళ్లీ మొదలెడుతుంది. బెల్టు మీద వేసే సబ్బు, మైనం, పౌడరు కూడా అంతే. శబ్దం కాసేపు ఆగుతుంది, బెల్టు గాడుల్లో మట్టి పట్టి ఇంకా తొందరగా పాడవుతుంది.

డీజిల్‌లో ఈ బాధ ఎక్కువ ఎందుకంటే, సిలిండర్‌లో డీజిల్ మండిన ప్రతిసారీ క్రాంక్ ఒక్క గుంజు గుంజుతుంది. ఆ కుదుపంతా బెల్టు మీదుగా, దాన్ని బిగువుగా పట్టి ఉంచే టెన్షనర్‌కి, బ్యాటరీ చార్జ్ చేసే డైనమోకి (ఆల్టర్నేటర్‌కి) చేరుతుంది. దానికి మన దుమ్ము తోడు. ఇసుక లారీల వెనక కరకట్ట రోడ్డు మీద రోజూ తిరిగే బండిలో బేరింగు సీలు అరిగిందంటే లోపలి గ్రీజు ఎన్నాళ్లో నిలవదు.

ముందు జాగ్రత్తలు. చున్నీ, కండువా, వదులు చేతుల చొక్కా తీసేయండి. చేత్తో ముట్టుకునే పని ఏదైనా ఇంజిన్ ఆపి, తాళం జేబులో వేసుకున్నాకే. చాలా బండ్లలో రేడియేటర్ ఫ్యాను ఇంజిన్ ఆపాక కూడా దానంతటదే తిరుగుతుంది, వేళ్లు అటు పోనివ్వకండి.

మొదటి పరీక్షకు కావలసింది సాదా నీళ్లు. ఇంజిన్ స్లోలో పెట్టి, స్ప్రే బాటిల్‌తో బెల్టు గాడుల వైపు కొద్దిగా కొట్టండి. శబ్దం పెరిగితే బెల్టు లూజు, జారుతోంది. కిచకిచ కాసేపు ఆగి మళ్లీ వస్తే ఏదో ఒక పుల్లీ వరస తప్పింది. నీళ్లు పడ్డా మార్పే లేకపోతే బెల్టును వదిలేసి బేరింగుల మీద దృష్టి పెట్టండి.

మే నెల ఎండలో బందరు రోడ్డు ట్రాఫిక్‌లో ఏసీ వేసినప్పుడే అరుస్తుందా? అప్పుడు ఏసీ వేసి, తీసి వినండి. కంప్రెసర్ పుల్లీ ఏసీ ఆపినా తిరుగుతూనే ఉంటుంది కాబట్టి దాని బేరింగు పోతే రెండు వేళలా మోగుతుంది. ఏసీ వేసినప్పుడే వస్తే కంప్రెసర్ లోపలైనా తేడా ఉండాలి, లేదా ఆ బరువుకి బెల్టైనా జారుతుండాలి.

తేల్చి చెప్పే పరీక్ష బెల్టు తీసేయడమే. తీసేముందు బెల్టు దారి ఫోన్‌తో ఫొటో తీసుకోండి, ఒక్క పుల్లీ చుట్టూ తప్పుగా తిప్పినా వాటర్ పంపు ఎదురు తిరగొచ్చు. బెల్టు లేకుండా ఇంజిన్ అర నిమిషం మాత్రమే నడపండి. వాటర్ పంపు అదే బెల్టు మీద ఉన్న బండ్లలో అంతకు మించితే ఇంజిన్ వేడెక్కుతుంది. బ్యాటరీ లైటు వెలగడం మామూలే. శబ్దం అలాగే ఉందంటే బయటి పుల్లీల తప్పు కాదు, ఇంజిన్ లోపలి టైమింగ్ బెల్టు లేదా చెయిన్ వైపు చూడాలి. ఆగిపోయిందంటే దొంగ ఈ పుల్లీల్లోనే ఉన్నాడు.

ఇంజిన్ ఆపి ఒక్కో పుల్లీని చేత్తో తిప్పండి. మంచి బేరింగు మెత్తగా, కొంచెం బరువుగా తిరిగి ఆగుతుంది. గ్రీజు ఎండినది బొంగరంలా గిర్రున చాలాసేపు తిరుగుతుంది. అది బాగుందని మోసపోకండి, ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. వేళ్లకు ఇసుక నలిగినట్టు తగిలితే గుండ్లు చెడ్డాయి. తర్వాత పుల్లీ అంచు పట్టుకుని ముందుకూ వెనక్కూ ఊపండి, చేతికి తెలిసేంత ఆట ఉండకూడదు. వాటర్ పంపు దగ్గర కిందనున్న చిన్న రంధ్రం చుట్టూ కూలెంట్ ఎండిన మరక ఉంటే సీలు పోయినట్టే, పంపు మార్చాలి.

డైనమో పుల్లీ కొన్ని డీజిళ్లలో ఒకవైపే పట్టే క్లచ్ రకం. లోపలి ఫ్యాను కదలకుండా పట్టుకుని పుల్లీ తిప్పితే ఒకవైపు వదులుగా తిరగాలి, రెండోవైపు పట్టేయాలి. రెండువైపులా పట్టేస్తే బిగుసుకుపోయినట్టు, టెన్షనర్ వణుకు చాలావరకు దీని వల్లే. రెండువైపులా జారితే చార్జింగ్ ఉండదు. బండి ఆపిన క్షణంలో జుర్రుమనే చప్పుడు వస్తుంటే ముందు దీన్నే అనుమానించండి.

క్రాంక్ పుల్లీని చాలామంది చూడరు. దానిలో లోపలి ఇనుప చట్రానికీ బయటి రింగుకీ మధ్య రబ్బరు ఉంటుంది. ఆ రెండింటి మీదుగా వైట్నర్‌తో అడ్డంగా ఒక గీత గీయండి. రెండు రోజులు బండి తిప్పి చూస్తే గీత రెండు ముక్కలై పక్కకు జరిగిందా, రబ్బరు తెగిపోయింది. బెల్టు బిగించినా, మార్చినా ఆ అరుపు పోదు.

బెల్టు ఎక్కించాక ఇంజిన్ స్లోలో టెన్షనర్ చేయి చూడండి. చిన్న వణుకు సహజం. ఆరు మిల్లీమీటర్లకు పైగా ఊగుతుంటే స్ప్రింగు అలసిపోయింది, లేదా క్లచ్ పుల్లీ బిగిసింది.

ఇక మార్చడం. ఇనుప పుల్లీ అయితే బేరింగు ఒక్కటే నొక్కించి వేయించుకోవచ్చు. నంబరు దాని మీదే ఉంటుంది. 6203 అంటే లోపలి రంధ్రం 17, బయటి వ్యాసం 40, మందం 12 మిల్లీమీటర్లు. ఆటోనగర్ కొట్లో నంబరుతో పాటు 2ఆర్‌ఎస్ అని అడగండి, అంటే రెండు వైపులా రబ్బరు సీలు. రేకు మూత ఉండే జెడ్‌జెడ్ రకం మన దుమ్ముకి ఆగదు. బిగించేటప్పుడు బేరింగు బయటి రింగు మీదే నొక్కాలి. లోపలి రింగు మీద సుత్తితో కొడితే గుండ్ల దారిలో గుంటలు పడి, కొత్త బేరింగే కొన్ని రోజుల్లో గరగరమంటుంది. మేస్త్రి సుత్తి తీస్తే అక్కడే ఆపండి. ప్లాస్టిక్ పుల్లీ అయితే మొత్తం మార్చేయడమే మేలు.

బెల్టు కొనేటప్పుడు వెనకున్న నంబరు చూడండి. 6పీకే1200 అంటే ఆరు గాడులు, 1200 మిల్లీమీటర్ల పొడవు. టెన్షనర్ దానంతటదే బిగించుకునే రకం కాక బోల్టుతో బిగించేదైతే, అరుపు ఆపాలని అతిగా బిగించకండి. డైనమో, వాటర్ పంపు బేరింగులు దాంతోనే పోతాయి. అన్ని గాడులూ సరిగ్గా కూర్చున్నాయో వేలితో తడిమి చూసి, అప్పుడు సెల్ఫ్ కొట్టి, లైట్లు, ఏసీ రెండూ వేసి వినండి.