ఏకాంత మరుగుజ్జు గెలాక్సీలో కొత్త నక్షత్రాల పుట్టుకను లెక్కగట్టే పద్ధతి

ఒక మరుగుజ్జు గెలాక్సీలో (పాలపుంత కంటే ఎంతో చిన్న గెలాక్సీలో) ఈ మధ్య నక్షత్రాలు పుట్టాయా, పుడితే ఏ వేగంతో పుట్టాయి అన్న ప్రశ్నకు జవాబు వెతికేవారు ముందుగా ‘ఈ మధ్య’ అంటే ఎంత కాలమో నిర్ణయించుకోవాలి. యాభై లక్షల ఏళ్లా, పది కోట్ల ఏళ్లా, యాభై కోట్ల ఏళ్లా అన్నదాన్ని బట్టి చూడవలసిన కాంతి, వాడవలసిన టెలిస్కోపు, కట్టవలసిన లెక్క మూడూ మారిపోతాయి. పెద్ద గెలాక్సీల విషయంలో ఈ తేడాను పట్టించుకోకపోయినా ఫలితం అంతగా చెడదు. చిన్నవాటిలో మాత్రం అదే అసలు చిక్కు. ఇక్కడ పద్ధతిని డబ్ల్యూఎల్ఎమ్ అనే గెలాక్సీ ఆధారంగా వివరిస్తున్నాను. దీన్ని 1909లో మాక్స్ వోల్ఫ్ కనుగొన్నారు. దీని నిజ స్వభావాన్ని 1926లో గుర్తించిన లుండ్‌మార్క్, మెలాట్‌ల పేర్లు కూడా చేరి వోల్ఫ్-లుండ్‌మార్క్-మెలాట్ అయింది. సీటస్ నక్షత్ర మండలం దిశగా, సుమారు 30 లక్షల కాంతి సంవత్సరాల దూరంలో ఉండడం వల్ల దీనిలోని ప్రకాశవంతమైన నక్షత్రాలను ఒక్కొక్కటిగా విడదీసి చూడవచ్చు.

గెలాక్సీ నిజంగా ఏకాంతంలో ఉందా అన్నది మొదట తేల్చుకోవాలి. పక్కన పెద్ద గెలాక్సీ ఉంటే దాని గురుత్వాకర్షణ వాయువును కుదిపి నక్షత్రాలను పుట్టించి ఉండవచ్చు, లేదా ఆ వాయువునే లాగేసి పుట్టుకను ఆపేసి ఉండవచ్చు. డబ్ల్యూఎల్ఎమ్‌కు అతి సమీపంలోని పొరుగు గెలాక్సీ సీటస్ మరుగుజ్జు. అది కూడా ఆరేడు లక్షల కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. సెకనుకు 100 కిలోమీటర్ల వేగంతో కదిలే గెలాక్సీకి, పాలపుంతకూ దీనికీ మధ్య ఉన్న 30 లక్షల కాంతి సంవత్సరాలు దాటడానికి దాదాపు 900 కోట్ల ఏళ్లు పడుతుంది. కాబట్టి గత యాభై కోట్ల ఏళ్లలో ఇక్కడ పుట్టిన నక్షత్రాలకు పాలపుంతను కారణంగా చూపలేము.

తరువాత దూరం. ప్రకాశం దూరపు వర్గాన్ని బట్టి మారుతుంది కనుక దూరంలో 5 శాతం పొరపాటు జరిగితే నక్షత్రాల పుట్టుక రేటులో 10 శాతం పొరపాటు చేరుతుంది. ఎర్ర రాక్షస నక్షత్రాల (వయసు మళ్లి ఉబ్బిన నక్షత్రాల) వరుస పైకొస ఎక్కడ ముగుస్తుందో చూసి గానీ, సెఫీడ్ చర నక్షత్రాలతో (వెలుగు పెరిగి తగ్గే కాలాన్ని బట్టి అసలు ప్రకాశం తెలిసేవి) గానీ కట్టిన దూరాన్నే తీసుకోవాలి. ఇంత దగ్గరి గెలాక్సీలకు దూరమయ్యే వేగం నుంచి దూరాన్ని రాబట్టడం అసలు పనికిరాదు. డబ్ల్యూఎల్ఎమ్ మనకు దూరం కావడం లేదు, సెకనుకు 120 కిలోమీటర్లకు పైగా వేగంతో మన వైపే వస్తోంది.

మొదటి కొలత హైడ్రోజన్ ఆల్ఫా కాంతిది. సూర్యుని కంటే పదిహేను ఇరవై రెట్లు బరువైన నక్షత్రాలు తమ చుట్టూ ఉన్న హైడ్రోజన్‌ను అయనీకరిస్తాయి (అంటే దాని ఎలక్ట్రాన్లను ఊడగొడతాయి), ఆ వాయువు 656.3 నానోమీటర్ల దగ్గర ఎర్రగా మెరుస్తుంది. అటువంటి నక్షత్రాలు కోటి ఏళ్లకు మించి బతకవు కనుక ఈ మెరుపు ఇప్పుడే జరుగుతున్న పుట్టుకకు సాక్ష్యం. సన్నని ఫిల్టరుతో ఒక చిత్రం, వెడల్పాటి ఎర్ర ఫిల్టరుతో మరొకటి తీసుకుని, పాలపుంతకు చెందిన మామూలు నక్షత్రాలు మాయమయ్యేలా రెండవదాన్ని తగిన నిష్పత్తిలో మొదటిదానిలోంచి తీసివేయాలి. మిగిలిన మెరుపును దూరంతో కలిపి సెకనుకు ఎర్గ్‌ల (శక్తి కొలమానం) లెక్కలోకి మార్చి, 5.4 × 10⁻⁴²తో గుణిస్తే, ఏడాదికి ఎన్ని సూర్య ద్రవ్యరాశుల నక్షత్రాలు పుడుతున్నాయో వస్తుంది.

ఈ గుణకాన్ని మరుగుజ్జులకు కళ్లు మూసుకుని వాడరాదు. పుట్టుక నిలకడగా సాగుతోందని, బరువైన నక్షత్రాలు ఎప్పుడూ తమ వంతు సంఖ్యలో ఉంటాయని అది అనుకుంటుంది. ఏడాదికి 0.0001 సూర్య ద్రవ్యరాశి చొప్పున నక్షత్రాలను కనే గెలాక్సీ యాభై లక్షల ఏళ్లలో పోగుచేసేది 500 సూర్యుల ద్రవ్యరాశి మాత్రమే. అందులో ఇరవై సూర్యుల బరువు దాటే నక్షత్రం ఒకటో రెండో ఉంటే ఉంటాయి, లేకపోతే లేదు. ఆ ఒక్క నక్షత్రం నిన్ననే చనిపోయి ఉంటే మన కొలత సున్నా అవుతుంది, పుట్టుక మాత్రం ఆగలేదు. లియో పి అనే అతి చిన్న గెలాక్సీలో అయనీకరణ ప్రాంతం ఒక్కటే ఉంది. ఆ ఒక్క మెరుపు మీద మొత్తం గెలాక్సీ చరిత్రను నిలబెట్టడం సాహసమే. రేటు ఏడాదికి 0.003 సూర్య ద్రవ్యరాశి కంటే తగ్గేకొద్దీ, అతినీలలోహిత కొలతతో పోలిస్తే హైడ్రోజన్ ఆల్ఫా కొలత అంతకంతకూ తక్కువ చూపుతుందని ఇరుగుపొరుగు గెలాక్సీల సర్వేలు వెల్లడించాయి.

అందుకే రెండవ కొలతగా అతినీలలోహిత కాంతిని తీసుకోవాలి. ఇది మూడు నాలుగు సూర్యుల బరువున్న నక్షత్రాల నుంచి కూడా వస్తుంది, పది కోట్ల ఏళ్ల వరకూ జరిగిన పుట్టుకను సగటున చూపుతుంది. 2003 నుంచి 2013 వరకు పనిచేసిన గాలెక్స్ ఉపగ్రహపు చిత్రాలు అందరికీ అందుబాటులో ఉన్నాయి. అయితే 2015 సెప్టెంబరు 28న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఆస్ట్రోశాట్‌లోని యూవీఐటీ టెలిస్కోపు డబ్ల్యూఎల్ఎమ్‌ను ఇంకా సూక్ష్మంగా చూసింది. దాని స్పష్టత సుమారు 1.5 ఆర్క్ సెకన్లు (డిగ్రీలో 3600వ వంతు ఒక ఆర్క్ సెకను), అంటే ఈ దూరంలో 22 కాంతి సంవత్సరాలు. విడివిడి నక్షత్ర గుంపులను వేరు చేయడానికి అది చాలు. ఈ కాంతి విషయంలో మన పాలపుంత ధూళిని సరిదిద్దడం మరచిపోకూడదు. డబ్ల్యూఎల్ఎమ్ పాలపుంత తలానికి చాలా దూరంగా ఉంది కనుక దూర అతినీలలోహితంలో (అందులోని పొట్టి తరంగాల భాగంలో) సుమారు 0.3 మాగ్నిట్యూడ్ (ప్రకాశపు కొలమానం) సవరణతో సరిపోతుంది. ఎన్‌జీసీ 6822 అనే మరో మరుగుజ్జు గెలాక్సీ ఆ తలానికి దగ్గరగా ఉంది కనుక అదే సవరణ దాదాపు 2 మాగ్నిట్యూడ్‌లు అవుతుంది. సవరించకపోతే ఆ గెలాక్సీ ప్రకాశాన్ని ఆరో వంతుగా రాసేస్తాము.

ఈ రెండు కొలతలకూ పైన, నా దృష్టిలో తీర్పు చెప్పగలిగినది నక్షత్రాల లెక్కే. హబుల్ టెలిస్కోపు చిత్రాలను మాస్ట్ అనే ఆన్‌లైన్ భాండాగారం నుంచి దించుకుని, డాల్‌ఫాట్ వంటి సాఫ్ట్‌వేర్‌తో ఒక్కో నక్షత్రం ప్రకాశాన్ని నీలి, ఎర్ర ఫిల్టర్లలో కొలిచి, రంగుకు ఎదురుగా ప్రకాశాన్ని గుర్తిస్తే వర్ణ-ప్రకాశ పటం వస్తుంది. ఇందులో నీలి అంచున నిట్టనిలువుగా లేచే ప్రధాన శ్రేణిని (హైడ్రోజన్‌ను మండించే నక్షత్రాల వరుసను) గుర్తించి, దానికి కాస్త కుడిపక్కన సమాంతరంగా కనిపించే మరో వరుసను వెతకాలి. అది హీలియాన్ని మండించే నీలి నక్షత్రాల వరుస. ప్రధాన శ్రేణిలో ఒకే ప్రకాశం దగ్గర వేర్వేరు వయసుల నక్షత్రాలు కలిసిపోతాయి. ఈ వరుసలో అలా కాదు: ఒక్కో ప్రకాశానికి దాదాపు ఒక్కటే వయసు. పైగా అదే వయసు ప్రధాన శ్రేణి కొస కంటే ఇవి రెండు మాగ్నిట్యూడ్‌ల మేర ప్రకాశవంతం. కనుక వరుసను పైనుంచి కిందికి ముక్కలుగా కోసి, ప్రతి ముక్కలోని నక్షత్రాలను లెక్కించి, ఆ దశలో అవి గడిపే కాలంతో భాగిస్తే సుమారు యాభై కోట్ల ఏళ్ల పుట్టుక చరిత్ర అంచెలంచెలుగా బయటపడుతుంది. ఏ ముక్క గెలాక్సీలో ఏ మూల ఉందో పటం గీస్తే పుట్టుక ఒకచోటు నుంచి మరోచోటుకు ఎలా జరిగిందో కూడా తెలుస్తుంది. సెక్స్‌టన్స్ ఎ గెలాక్సీని 1990లలో ఈ విధంగానే చదివారు. మసక నక్షత్రాలు కొన్ని లెక్కకు దొరకవు. కృత్రిమ నక్షత్రాలను చిత్రంలో చొప్పించి, వాటిలో ఎన్నింటిని సాఫ్ట్‌వేర్ పట్టుకుందో చూసి ఆ లోటును సరిదిద్దాలి. ఈ పని విసుగు పుట్టిస్తుంది గానీ, దీన్ని దాటవేసిన లెక్కను నమ్మడం కష్టం.

ఇక వాయువు. డబ్ల్యూఎల్ఎమ్‌లో రేటు ఏడాదికి సుమారు 0.006 సూర్య ద్రవ్యరాశి, అంటే ఒక సూర్యుడంత పదార్థం నక్షత్రంగా మారడానికి దాదాపు 167 ఏళ్లు పడుతుంది. 21 సెంటీమీటర్ల రేడియో తరంగాలు చూపే హైడ్రోజన్ అక్కడ ఆరేడు కోట్ల సూర్యులకు సమానం, అది ఈ వేగంతో ఇంకా వెయ్యి కోట్ల ఏళ్లకు సరిపోతుంది. నక్షత్రాలు నేరుగా పుట్టే చల్లని అణు మేఘాలను (హైడ్రోజన్ పరమాణువులు జతకట్టి అణువులైన మేఘాలను) సాధారణంగా కార్బన్ మోనాక్సైడ్ ద్వారా వెతుకుతారు. ఈ గెలాక్సీలో ఆక్సిజన్ సూర్యునిలోని దానిలో 13 శాతం మాత్రమే కావడంతో ఆ అణువు దట్టమైన గర్భాలలో తప్ప నిలవదు. చిలీలోని ఆల్మా టెలిస్కోపు సమూహం 2015లో ప్రకటించిన ఫలితాలలో అటువంటి చిట్టి మేఘాలు పది కనిపించాయి. కాబట్టి ఇంత తక్కువ లోహాలున్న (ఖగోళ శాస్త్రంలో ఆక్సిజన్‌తో సహా హీలియం కంటే బరువైన మూలకాలన్నీ లోహాలే) గెలాక్సీలో కార్బన్ మోనాక్సైడ్ కనిపించలేదన్న ఒక్క కారణంతో అక్కడ నక్షత్రాలకు ముడిసరుకు లేదని రాయకూడదు.