శ్రావణం తలుపుల పని మొదలయ్యేలోపే ప్లేనర్ సంగతి చూసుకోండి

ఆషాఢం దాటిందంటే తిరుపతి చుట్టుపక్కల వడ్రంగి షెడ్లలో ఎవరికీ తీరిక ఉండదు. గృహప్రవేశాల ముహూర్తాలు వరసగా వచ్చేస్తాయి, సింహద్వారం ఫలానా రోజుకి నిలబడాల్సిందే అని ఇంటివాళ్ళు ఫోన్ల మీద ఫోన్లు చేస్తారు, కలప డిపో నుంచి టేకు దిగిన రోజే ప్లేనర్‌లోకి, అంటే పలకని ఒకే మందానికి నున్నగా చెక్కే మెషిన్‌లోకి, వెళ్ళిపోతుంది. ఆ టెన్షన్‌లో పలక బయటికొచ్చాక చూస్తే నడుమంతా నున్నగానే ఉంటుంది, కొసన రెండు మూడు అంగుళాలు మాత్రం కాస్త దిగిపోయి ఉంటుంది. దాన్నే స్నైప్ అంటారు. ఒక్కోసారి కంటికి కనపడదు, గోరుతో లాగి చూస్తే తెలుస్తుంది. "పాలిష్‌లో సర్దుకుంటుందిలే అన్నా" అని హెల్పర్ అంటాడు, సర్దుకోదు. పాలిష్ పడ్డాక పక్కనుంచి వెలుతురు తగిలితే ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

అందం ఒక్కటే అయితే ఇంత చెప్పక్కర్లేదు. తలుపు చట్రంలో జాయింట్లన్నీ వచ్చేది పలకల చివర్లలోనే. అడ్డపట్టీకి కుసి (నిలువుపట్టీ రంధ్రంలో దూర్చే నాలుక) తీసేది అక్కడే, నిలువుపట్టీతో సమంగా కూర్చోవాల్సిందీ అక్కడే. అక్కడ అర మిల్లీమీటర్ తగ్గినా కుసి వదులవుతుంది, లేదంటే రెండు పట్టీలు కలిసిన చోట మెట్టు తేలుతుంది. శంఖు చక్రాలు, నామాలు చెక్కించుకునే దిళ్ళ పలకలైతే (చట్రం గాడిలో కూర్చునే నడిమి పలకలు) మరీ ఇబ్బంది, చెక్కడానికి పెట్టిన కూలీ అంతా అయ్యాక కొస గాడిలో లొడలొడమంటే మళ్ళీ మందం ఎక్కడి నుంచి తెస్తాం?

బల్ల మీద పెట్టుకునే 12, 13 అంగుళాల ప్లేనర్‌లో ముందు ఒక రోలర్, మధ్యలో బ్లేడ్ల తల, వెనక ఇంకో రోలర్ ఉంటాయి. బ్లేడ్ల కింద పలక ఆనే చోటు బెడ్, దానికి ముందొకటి వెనకొకటి పలకని మోసే బల్లలు. పలక లోపలికి వెళ్ళేటప్పుడు కాసేపు ముందు రోలర్ ఒక్కటే దాన్ని అదిమి పడుతుంది. ఆ సమయంలో మన చేతి వైపు ఉన్న తోక బరువుకి కిందకి వాలితే, లోపలున్న కొస తరాజు పళ్ళెంలా పైకి లేచి బ్లేడ్‌కి తగులుతుంది. వెనక రోలర్ పట్టుకోగానే సర్దుకుంటుంది. బయటికొచ్చేటప్పుడు ఇదే తిరగబడుతుంది: ముందు రోలర్ వదిలేశాక, బయటికొచ్చిన సగం కిందకి వేలాడితే లోపలి తోక లేస్తుంది. అందుకే గుంట పొడవు ఇంచుమించు బ్లేడ్‌కీ రోలర్‌కీ మధ్య దూరమంత ఉంటుంది. దీనికి తోడు చిన్న మెషిన్లలో తల నాలుగు స్తంభాల మీద పైకీ కిందకీ నడుస్తుంది కాబట్టి, ఒక్క రోలర్ మీదే బరువు పడినప్పుడు ఆ తల కూడా కొంచెం వాలుతుంది. తల లాక్ చేసే లివర్ మీ మెషిన్‌కి ఉంటే ప్రతి పాస్‌కీ, అంటే పలకని లోపలికి పంపిన ప్రతిసారీ, వేయండి, బద్ధకించొద్దు.

పని మొదలయ్యేలోపు ఒక పూట దీనికి కేటాయించండి. ముందు ప్లగ్ పీకండి, స్విచ్ ఆపితే చాలదు. నాలుగైదు అడుగుల తిన్నని అల్యూమినియం పట్టీని అటు బల్ల నుంచి ఇటు బల్ల దాకా మధ్య బెడ్ మీదుగా పడుకోబెట్టండి. పట్టీ రెండు బల్లల బయటి అంచుల మీద ఆనాలి, మధ్యలో బెడ్ దగ్గర రూపాయి బిళ్ళ దూరేంత సందు కనపడాలి. బల్లలు కొత్తలో సరిగ్గానే ఉన్నా మెషిన్‌ని షెడ్డు నుంచి సైటుకీ, సైటు నుంచి షెడ్డుకీ ఆటోలో తిప్పేసరికి వాలిపోతాయి, ఎక్కువమంది దగ్గర ఉండే తప్పు ఇదే. బల్ల కింద ఉండే బోల్టులు తిప్పి బయటి అంచు లేపి, నట్టు బిగించి, బల్ల మీద చేత్తో గట్టిగా అదిమి మళ్ళీ కొలవండి. అలాగని మరీ లేపేయొద్దు, పలక లోపలికి వెళ్ళడానికి మొరాయిస్తుంది.

తర్వాత బెడ్ మీది టేకు జిగురు తుడిచి ఫర్నిచర్ మైనం పల్చగా రుద్దండి. సిలికాన్ ఉన్న స్ప్రేలు వద్దు, చెక్కకి అంటితే పాలిష్ పట్టదు. రబ్బరు రోలర్ల మీద పొట్టు పేరుకుంటే జారతాయి, తడిగుడ్డతో తుడిచి ఆరనివ్వండి. టేకులో ఇసుక లాంటి సిలికా ఉంటుంది, బ్లేడ్లు తొందరగా మొద్దుబారతాయి. మొద్దు బ్లేడ్ కోయకుండా పలకని కొట్టుకుంటూ పోతుంది, స్నైప్ కూడా పెరుగుతుంది. పాత మిద్దెలు పడగొట్టినప్పుడు వచ్చిన దూలాలు వాడుతుంటే మేకులు అన్నీ పీకానని నమ్మకం కుదిరాకే లోపలికి పంపండి.

ఇప్పుడు పనికిరాని ముక్క ఒకటి, మూడు నాలుగు అడుగులది తీసుకుని ఒక కొసన 'ముందు', ఇంకో కొసన 'వెనక' అని పెన్సిల్‌తో రాసి పాస్ ఇవ్వండి. వెర్నియర్‌తో (మందం కొలిచే కాలిపర్) నడుమ కొలిచి, తర్వాత రెండు కొసలూ కొలవండి. ముందు కొసనే తగ్గితే లోపలికి పంపే బల్ల, వెనక కొసనే తగ్గితే బయటి బల్ల చూడండి. పలకకి ఆసరా సరిగ్గా ఇచ్చినా రెండు చోట్లా తగ్గుతోందంటే ప్లగ్ పీకి తలని రెండు చేతులతో పట్టుకుని ఊపండి, లూజు ఉంటే తెలుస్తుంది.

పని నడిచేటప్పుడు పాటించాల్సింది ఒక్కటే, పలక ఎప్పుడూ వేలాడకూడదు. ఆరున్నర అడుగుల నిలువుపట్టీ అయితే పంపేటప్పుడు తోకని కొంచెం పైకి ఎత్తి పట్టుకోండి, వెనక రోలర్ అందుకునేదాకా. అటు తిరిగి వెళ్ళి బయటికొచ్చే కొసని కూడా అలాగే ఎత్తండి, కానీ లాగొద్దు. ఇద్దరుంటే మంచిది, ఒక్కరే అయితే రోలర్ స్టాండ్ పెట్టుకోండి, దాని ఎత్తు బల్ల కంటే పిసరు ఎక్కువే ఉండాలి గానీ తక్కువ ఉండకూడదు. ఒకే మందం పట్టీలు చాలా ఉంటే ఒకదాని తోకకి ఇంకోదాని తల ఆనించి వరసగా పంపండి, మొదట్లో ఒకటి, చివర్లో ఒకటి పనికిరాని ముక్కలు. గుంట పడితే వాటికి పడుతుంది. చివరి పాస్‌లో తీసే మందం అర మిల్లీమీటర్ లోపే ఉంచండి. మెషిన్ మూతికి ఎదురుగా నిలబడొద్దు, లోపల ఇరుక్కున్న ముక్క కోసం చెయ్యి పెట్టొద్దు. రెండు రోలర్ల మధ్య దూరం కంటే పొట్టిగా ఉన్న ముక్కని అసలు పంపనేకూడదు, మాన్యువల్‌లో రాసిన కనీస పొడవు చూసుకోండి.

అన్నిటికంటే చౌకైన జాగ్రత్త డిపోలోనే ఉంది. కొలతకి మించి రెండు వైపులా మూడేసి అంగుళాలు వదిలి చెక్క తీసుకోండి, ప్లేనింగ్ అయ్యాకే సైజుకి కోయండి. టేకు రేటుకి ఆ ఆరంగుళాలు నొప్పిగానే ఉంటాయి, కానీ పట్టీ మొత్తం మార్చడం కంటే నయం. పొడవు వదిలే వీలు లేనప్పుడు పలక రెండు పక్కలా దానికంటే పొడవైన పట్టీలు, పలక మందానివే, జిగురుతో అతికించి పంపండి. ఆ పట్టీల కొసలే ముందు రోలర్ కిందకి వెళ్తాయి, తర్వాత కోసేయొచ్చు.

ఇప్పటికే గుంట పడిన పలక చేతిలో ఉంటే కంగారుపడి బెల్ట్ సాండర్ (గరుకు కాగితం పట్టీతో రుద్దే మెషిన్) అందుకోకండి, గుంట ఇంకా వెడల్పవుతుంది. మందం మిగిలి ఉంటే పైన చెప్పినట్టు పక్కపట్టీలు అతికించి, నడుమ ఆ గుంట మట్టానికి దిగేదాకా పల్చటి పాస్‌లు ఇవ్వండి. మందం లేకపోతే చేతి చిత్రికతో నడుమ నుంచి కొస వైపు పట్టుకుంటూ కలిపేయండి, చివరికి స్క్రేపర్ (పల్చటి గీకుడు రేకు) పట్టండి. గుంట పై ముఖానికే పడుతుంది, కింద బెడ్‌కి ఆనిన ముఖం సరిగ్గా ఉంటుంది. కాబట్టి కుసికి గీతలన్నీ ఆ ముఖం నుంచే కొట్టండి, తగ్గిన ముఖం గోడ వైపుకి వచ్చేలా చట్రం బిగించండి.