మోటార్‌హోమ్ మీద హామ్ యాంటెన్నా: నాకు పనిచేసింది జీఐ రేకు

టెక్సాస్‌లో మేం కొన్న పాత మోటార్‌హోమ్ (ఇల్లులా వాడుకునే బండి) పైకప్పు ఫైబర్‌గ్లాస్. హామ్ రేడియో (లైసెన్సుతో అభిరుచిగా వాడే రేడియో) కోసం 2 మీటర్ల బ్యాండ్ యాంటెన్నా పెడితే ఎస్‌డబ్ల్యూఆర్ (పవర్ ఎంత వెనక్కి తిరిగొస్తోందో చూపే కొలత, 1కి దగ్గరుంటే మంచిది) 3 పైనే, దగ్గర్లోని రిపీటర్ (సిగ్నల్ అందుకుని మళ్ళీ దూరానికి పంపే స్టేషన్) కూడా సరిగ్గా అందేది కాదు. కోయాక్స్ (యాంటెన్నా కేబుల్) మార్చా, విప్ (యాంటెన్నా కడ్డీ) కత్తిరించా, వెనక నిచ్చెనకి బిగించి చూశా, లాభం లేదు.

అసలు సంగతేంటంటే కారు టాప్ ఇనుము కాబట్టి అదే గ్రౌండ్ ప్లేన్ (యాంటెన్నా కింద ఉండాల్సిన లోహపు తలం) అయిపోతుంది, ఫైబర్‌గ్లాస్‌కి అది లేదు, క్వార్టర్ వేవ్ (రేడియో అల పొడవులో పావు వంతు ఉండే) యాంటెన్నాకి కింద ఆ రెండో సగం ఉండాల్సిందే. 146 మెగాహెర్ట్జ్‌కి పావు వేవ్ అంటే సుమారు 50 సెంటీమీటర్లు, అందుకని మీటరు చదరం జీఐ రేకు (జింక్ పూత ఉన్న ఇనుప రేకు) తెచ్చి, మూలలు గుండ్రంగా కత్తిరించి, పైకప్పుని ఆల్కహాల్‌తో బాగా తుడిచి, వీహెచ్‌బీ టేపుతో (రెండు వైపులా అంటుకునే గట్టి టేపు) అంటించి, గాలి కిందికి దూరకుండా అంచులన్నిటికీ ల్యాప్ సీలెంట్ (పైకప్పు అతుకులు మూసే పేస్టు) పెట్టా. ఒక రోజు ఆరనిచ్చి సరిగ్గా మధ్యలో మాగ్నెట్ మౌంట్ పెట్టా.

కోయాక్స్‌ని ఫ్రిజ్ వెంట్‌లోంచి దించా, చిమ్నీ వేడి తగలకుండా పక్కకి కట్టి, బయట కిందికి ఒక వంపు వదిలా, నీళ్ళు అక్కడే కారిపోతాయి. పైకప్పుకి బెజ్జం పెట్టడానికి మాత్రం మనసొప్పలేదు, తడి దిగితే లోపలి చెక్క కుళ్ళిపోతుంది. రేడియో కరెంట్ నేరుగా బ్యాటరీ నుంచే, ప్లస్ వైరుకి బ్యాటరీ పక్కనే ఫ్యూజ్.

ఇప్పుడు ఎస్‌డబ్ల్యూఆర్ 1.4, నాకైతే పండగే! రబ్బరు పైకప్పుకి టేపు ఇలాగే పట్టుకుంటుందో లేదో నేను చూడలేదు. హెచ్‌ఎఫ్ బ్యాండ్లకి (ఇంకా పొడవైన అలలుండేవి) మాత్రం ఈ రేకు చాలా చిన్నది.