చిన్న కళాశాలల పురుషుల టెన్నిస్‌లో వారపు మేటి ఆటగాణ్ణి ఎంపిక చేయడం ఎలా

నెల్లూరు, కావలి, ఒంగోలు, కందుకూరు వంటి ఊళ్లలోని కళాశాలల్లో టెన్నిస్ ఆడే కుర్రాళ్లు ఎక్కువ మంది ఉండరు. కళాశాల మొత్తానికి ఒకే కోర్టు ఉండటం, ఆ ఒక్క కోర్టు మీద తెల్లవారుజామునే ఆరేడుగురు వంతులు వేసుకుని ఆడటం మనకు అలవాటైన దృశ్యమే. క్రికెట్‌లో అర్ధశతకం చేసిన విద్యార్థి ఫొటో జిల్లా పేజీలో వస్తుంది గాని, రెండు మ్యాచ్ పాయింట్లు (ఆ ఒక్క పాయింటు పోతే మ్యాచే పోయే సందర్భాలు) కాచుకుని మూడో సెట్ గెలిచిన టెన్నిస్ ఆటగాడి సంగతి హాస్టల్లో అతని పక్క గదివాళ్లకు కూడా తెలియదు. అందువల్ల వారానికొకసారి ఒక ఆటగాణ్ణి ఎంచి, అతను ఏం సాధించాడో నాలుగు వాక్యాల్లో రాసి నోటీసు బోర్డు మీద, విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో పెట్టడం ఏ వ్యాయామ అధ్యాపకుడైనా, ఆసక్తి ఉన్న ఏ పూర్వ విద్యార్థి అయినా చేయదగిన పని. కొన్నేళ్లుగా ఆ పని చేస్తూ నేర్చుకున్నదాన్ని, చేసిన ఒక పొరపాటుతో సహా, ఇక్కడ రాస్తున్నాను.

ఈ పద్ధతి మనం కొత్తగా కనిపెట్టింది కాదు. అమెరికాలో చిన్న కళాశాలలు చాలావరకు కళాశాలల క్రీడలను నడిపే ఎన్‌సీఏఏ అనే సంఘం మూడో డివిజన్‌లోనో, ఎన్‌ఏఐఏ అనే మరో సంఘంలోనో ఉంటాయి. మూడో డివిజన్ కళాశాలలు ఆటను చూసి స్కాలర్‌షిప్ ఇవ్వవు. అక్కడ ఆడే విద్యార్థి చదువుకుంటూ, ఆట మీది ఇష్టంతోనే ఆడతాడు. అలాంటి కళాశాలలు కొన్ని కలిసి ఒక కాన్ఫరెన్స్‌గా ఏర్పడి, వసంతకాలంలో జట్ల పోటీలు జరిగే రోజుల్లో వారం వారం ఒక మేటి ఆటగాణ్ణి ప్రకటిస్తాయి. ప్రతి కళాశాల తన ఆటగాడి పేరును ఆ వారపు ఫలితాలతో పాటు పంపుతుంది, వాటిని పోల్చి ఒకరిని ఎంచుతారు. అక్కడి కళాశాల టెన్నిస్ మనవాళ్లకు అపరిచితమేమీ కాదు. సోమ్‌దేవ్ దేవ్‌వర్మన్ వర్జీనియా విశ్వవిద్యాలయం తరఫున 2007, 2008 సంవత్సరాల్లో ఎన్‌సీఏఏ సింగిల్స్ విజేతగా నిలిచాడు. మన తెలుగువాడు సాకేత్ మైనేని అలబామా విశ్వవిద్యాలయంలో ఆడాడు. అవి పెద్ద డివిజన్ జట్లు. మనం అనుసరించవలసింది మాత్రం చిన్న కళాశాలల పద్ధతినే, ఎందుకంటే మన పరిస్థితికి దగ్గరగా ఉన్నది అదే.

మొదటి పని, వారం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో నిర్ణయించుకోవడం. సోమవారం నుంచి ఆదివారం వరకు ఒక వారంగా పెట్టుకుని, సోమవారం సాయంత్రానికి ప్రకటన ఇవ్వడం సౌకర్యంగా ఉంటుంది. ఆ గడువును ఎవరి కోసమూ సడలించకూడదు.

రెండో పని స్కోరు షీటు. ఎంపిక బాగున్నదా లేదా అనేది తొంభై పాళ్లు ఇక్కడే తేలిపోతుంది కాబట్టి దీని గురించి కొంచెం వివరంగా చెప్పాలి. మన పోటీల్లో సాధారణంగా మిగిలేది 6-4, 3-6, 6-3 అనే చివరి అంకెలు మాత్రమే. ఆ అంకెలను బట్టి ఎవరు ఎంత కష్టపడ్డారో ఎవరూ చెప్పలేరు. ఒక లాంగ్ సైజు నోటుపుస్తకంలో పేజీని నిలువుగా రెండు భాగాలు చేసి, ఒక్కో గేమ్‌కు ఒక గడి గీసుకోండి. ఆ గేమ్‌లో సర్వ్ చేసినవాడి వైపు ‘స’ అని రాయండి, సర్వ్ చేసినవాడు గేమ్ కోల్పోతే ఆ గడి చుట్టూ సున్నా చుట్టండి, బ్రేక్ పాయింటు (సర్వ్ చేసేవాడు ఆ పాయింటు పోగొట్టుకుంటే గేమే పోయే సందర్భం) వచ్చినప్పుడల్లా గడి మూలన ఒక చుక్క పెట్టండి. ఆట ముగిసిన తరువాత ఆ పేజీని చూస్తే, చుక్కలు నాలుగు ఉండి సున్నా లేని గడి ఒకటి కనిపిస్తుంది. నాలుగు సార్లు గేమ్ చేజారే పరిస్థితి వచ్చినా ఆ ఆటగాడు నిలబెట్టుకున్నాడని దాని అర్థం. చాలా మ్యాచ్‌లు అలాంటి ఒక గడి దగ్గరే మలుపు తిరుగుతాయి. ఈ షీటును పెన్నుతో కాక పెన్సిల్‌తో రాయడం మంచిది; మన ఎండకు అరచేతి చెమట తగిలి సిరా అలుక్కుపోతుంది. నా దగ్గరి అట్టకు పెన్సిల్‌ను పురికొసతో కట్టి ఉంచుతాను, ఎందుకంటే షీటు రాసే బాధ్యత ఒక్కో సెట్‌కు ఒక్కో విద్యార్థికి మారుతూ ఉంటుంది.

ప్రత్యర్థి ఎవరన్నది మూడో విషయం. అమెరికా కళాశాలల జట్ల పోటీలో ఆరు సింగిల్స్, మూడు డబుల్స్ ఉంటాయి. జట్టులో అందరికంటే బలమైనవాడు ఒకటో స్థానంలో, తరువాతివాడు రెండో స్థానంలో, ఆ వరుసలోనే ఆరో స్థానం వరకు ఆడాలని నియమం. కింది స్థానాల్లో సులువుగా గెలవడం కోసం బలమైనవాణ్ణి కిందికి దింపడాన్ని అక్కడ తప్పుగా పరిగణిస్తారు. దీనివల్ల ఒక సౌలభ్యం ఏర్పడుతుంది: ఆటగాడు ఏ స్థానంలో గెలిచాడో తెలిస్తే ఎలాంటి ప్రత్యర్థిపై గెలిచాడో అంచనా వేయవచ్చు. మన కళాశాలల మధ్య పోటీల్లో ఎక్కువగా రెండు సింగిల్స్, ఒక డబుల్స్ మాత్రమే ఆడతారు కాబట్టి ఆ సౌలభ్యం మనకు తక్కువ. అందుకని ప్రత్యర్థి గురించి విడిగా అడిగి తెలుసుకోవాలి. అతను ఆ జట్టులో క్రమం తప్పకుండా ఆడేవాడా, అంతకుముందు ఎవరిపై గెలిచాడు, ఆ రోజు ఆరోగ్యంగా ఉన్నాడా అన్న మూడు ప్రశ్నలు సరిపోతాయి.

నేను పొరపాటు చేసింది ఈ విషయంలోనే. మొదట్లో ఒక వారం, 6-0, 6-0 తేడాతో గెలిచిన కుర్రాణ్ణి మరో ఆలోచన లేకుండా ఎంచి బోర్డు మీద పేరు పెట్టాను. రెండు రోజుల తరువాత ఎదుటి జట్టు వ్యాయామ అధ్యాపకుడు ఫోన్ చేసి, తమ అసలు ఆటగాడికి జ్వరం రావడంతో ఎన్నడూ పోటీలో ఆడని విద్యార్థిని చివరి నిమిషంలో దింపామని నెమ్మదిగా చెప్పారు. ఆయన నన్ను తప్పుపట్టలేదు గాని, అదే వారం మూడు గంటలకు పైగా ఆడి గెలిచిన మరొక కుర్రాడు నా బోర్డు ముందు నిలబడి చదువుకుని వెళ్లడం నేను చూశాను. ఆ కుర్రాడి విషయంలో నేను అన్యాయం చేశానన్న బాధ ఇప్పటికీ ఉంది. అప్పటి నుంచి, ప్రత్యర్థి వివరం రాని పేరును నేను పరిశీలనకు తీసుకోవడం లేదు.

పోల్చే తీరు తెలియడానికి ఆరు స్థానాల పద్ధతిలో ఒక ఊహాత్మక వారాన్ని తీసుకుందాం. మొదటి ఆటగాడు ఆరో స్థానంలో మూడు మ్యాచ్‌లు ఆడి, మూడింటిలోనూ ఒక్కో సెట్‌కు రెండు గేమ్‌లకు మించి ఇవ్వకుండా గెలిచాడు. రెండో ఆటగాడు ఒకటో స్థానంలో రెండు మ్యాచ్‌లు ఆడి, ఒకటి ఓడి, మరొకటి తనకంటే ఎంతో మెరుగైన ప్రత్యర్థిపై మూడు సెట్లలో గెలిచాడు. మూడో ఆటగాడు మూడో స్థానంలో రెండు సింగిల్స్, రెండు డబుల్స్ గెలిచాడు. అందులో ఒక సింగిల్స్, జట్ల లెక్క (రెండు జట్లకు అప్పటికి వచ్చిన పాయింట్లు) 3-3 వద్ద ఉండగా చివరిగా ముగిసి జట్టుకు విజయం తెచ్చింది. అంకెలు మాత్రమే చూసేవారు మొదటివాణ్ణి ఎంచుతారు. పేరున్న ప్రత్యర్థిని చూసేవారు రెండోవాణ్ణి ఎంచుతారు. నేను మూడోవాణ్ణే ఎంచుతాను. పక్క కోర్టుల్లో అందరూ ఆట ముగించి, రెండు జట్లూ తన కోర్టు కంచె దగ్గరకు వచ్చి నిలబడినప్పుడు రెండో సర్వ్‌ను భయపడకుండా కొట్టడం వేరు, ఎవరూ చూడని కోర్టులో కొట్టడం వేరు. అయితే రెండో ఆటగాడు రెండు మ్యాచ్‌లూ గెలిచి ఉంటే నా నిర్ణయం మారేది. ఒకటో స్థానంలో వారమంతా ఓటమి లేకుండా ఉండటం కంటే పెద్ద పని చిన్న కళాశాలల టెన్నిస్‌లో లేదని నా అభిప్రాయం.

ఇక్కడే స్కోరును చదవడంలో ఒక జాగ్రత్త అవసరం. మొత్తం ఏడు పాయింట్ల పద్ధతిలో మూడు డబుల్స్‌లో రెండు గెలిచిన జట్టుకు ఒక పాయింటు, ఒక్కో సింగిల్స్‌కు ఒక్కో పాయింటు వస్తాయి. నాలుగు పాయింట్లు రాగానే విజేత తేలిపోతుంది. అలా తేలిన తరువాత ఇంకా సాగుతున్న మ్యాచ్‌లను ఆపివేయడం అక్కడ తరచుగా జరుగుతుంది. 6-4, 5-4 ఆధిక్యంలో ఉన్న ఆటగాడి మ్యాచ్ కూడా అలా ఆగిపోతే, అతని ఖాతాలో గెలుపూ చేరదు, ఓటమీ చేరదు. ఆ వారం అతను బాగా ఆడాడన్న మాట నిజమే కాబట్టి వివరంలో ప్రస్తావించవచ్చు గాని, దాన్ని విజయంగా లెక్కించకూడదు. వాకోవర్ (ప్రత్యర్థి ఆటకు దిగకపోవడంతో వచ్చే గెలుపు) కూడా అంతే. ప్రత్యర్థి గాయపడి మధ్యలో వైదొలగితే, అప్పటికి ఎంత ఆట జరిగిందో రాసి ఆ మేరకే విలువ ఇవ్వాలి.

డబుల్స్‌ను తక్కువ చేసి చూడవద్దు. వాలీ (బంతి నేలను తాకకముందే కొట్టడం) బాగా ఆడే కుర్రాళ్లు మన దగ్గర సింగిల్స్‌లో గుర్తింపు లేకుండా మిగిలిపోతుంటారు. డబుల్స్ బలంతోనే ఎవరైనా వారపు ఎంపికకు అర్హుడైతే, ఇద్దరి పేర్లూ కలిపి ప్రకటించండి.

వాతావరణాన్ని లెక్కలోకి తీసుకోవడం మన ప్రాంతంలో తప్పనిసరి. మధ్యాహ్నం తరువాత తూర్పు నుంచి సముద్రపు గాలి మొదలైతే, ఉత్తర దక్షిణాలుగా వేసిన కోర్టులో అది ఆటగాడికి అడ్డంగా వీస్తుంది. సర్వ్ కోసం ఎగరేసిన బంతి పక్కకు జరుగుతుంది, డబుల్ ఫాల్టులు (వరుసగా రెండు సర్వ్‌లూ తప్పి పాయింటు పోవడం) పెరుగుతాయి. అలాంటి సాయంత్రం ఎనిమిది డబుల్ ఫాల్టులు చేసి గెలిచినవాడు, గాలి లేని ఉదయం రెండే చేసి గెలిచినవాడి కంటే బాగా సర్వ్ చేసి ఉండవచ్చు. వేసవిలో పడమటి వడగాలి వీచే రోజులైతే మూడో సెట్‌కు వచ్చేసరికి నైపుణ్యం కంటే ఓర్పే ఎక్కువ పనిచేస్తుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు వానలు ఎక్కువ. మట్టి కోర్టు మీద సున్నం గీతలు కొట్టుకుపోయి, ఆట ఆపి మరుసటి రోజు కొనసాగించవలసి వస్తుంది. స్కోరు షీటు పైభాగంలో ఆట మొదలైన సమయం, కోర్టు మట్టిదా సిమెంటుదా, గాలి ఎలా ఉంది అన్నవి ఒక్క వరుసలో రాసుకుంటే సోమవారం నాడు ఇవన్నీ గుర్తు తెచ్చుకునే శ్రమ ఉండదు.

నడవడిక గురించి నా నియమం కఠినమైనది. చిన్న కళాశాలల మ్యాచ్‌లలో అన్ని కోర్టులకూ అంపైర్లు ఉండరు. తన వైపు పడిన బంతి లోపలా బయటా అన్నది ఆటగాడే చెప్పాలి. అమెరికాలో కూడా కళాశాల మ్యాచ్‌లు చాలావరకు ఇలాగే, ఆటగాళ్ల మాట మీదనే సాగుతాయి. ఒకసారి టైబ్రేక్ (సెట్‌లో గేమ్‌లు 6-6తో సమమైనప్పుడు ఆడే నిర్ణాయక గేమ్) 5-5 వద్ద ఉండగా ఒక కుర్రాడు ముందు ‘అవుట్’ అన్నాడు. ఆ తరువాత వంగి బంతి గుర్తును చూసి, నా వైపు తిరిగి, “సార్, గీత మీదే పడింది సార్, పాయింటు వాళ్లదే” అని చెప్పి తన బేస్‌లైన్ దగ్గరకు వెళ్లిపోయాడు. ఆ టైబ్రేక్‌లో అతను ఓడాడు. ఓడిన మ్యాచ్ కాబట్టి ఆ వారం అతన్ని ఎంచలేదు గాని, ఎంపికైనవాడి వివరం కింద ఈ సంగతిని ఒక వాక్యంలో రాశాను. దీనికి వ్యతిరేకంగా, ర్యాకెట్ విసిరినవాడిని, గీతల విషయంలో పదే పదే వివాదం పెట్టుకున్నవాడిని ఎంత గొప్పగా గెలిచినా ఆ వారం పరిశీలనలోకి తీసుకోను.

ఎంపిక అయిన తరువాత రాయడం మిగులుతుంది. “అద్భుతమైన ప్రతిభ కనబరిచి ప్రేక్షకులను అలరించి ఘనవిజయం సాధించాడు” అని రాస్తే, ఆ వాక్యం ఎవరికైనా సరిపోతుంది కాబట్టి ఎవరికీ చెందదు. దానికి బదులు ఇలా రాయండి: “శనివారం సాయంత్రం జట్ల లెక్క 1-1 వద్ద సమంగా ఉండగా జరిగిన నిర్ణాయక సింగిల్స్‌లో 4-6, 7-5, 10-8 తేడాతో గెలిచాడు. రెండో సెట్‌లో 3-5తో వెనకబడి, ప్రత్యర్థి 40-15 వద్ద సర్వ్ చేస్తుండగా రెండు మ్యాచ్ పాయింట్లు కాచుకుని, అక్కడి నుంచి వరుసగా నాలుగు గేమ్‌లు గెలుచుకున్నాడు. మూడో సెట్‌కు బదులుగా ఆడిన పది పాయింట్ల టైబ్రేక్‌లో 8-8 వద్ద చివరి రెండు పాయింట్లూ అతనివే.” ఇందులో పొగడ్త ఒక్క మాట కూడా లేదు, అయినా టెన్నిస్ తెలిసినవాడు చదివితే ఆ కుర్రాణ్ణి వెతుక్కుంటూ వచ్చి భుజం తడతాడు. టెన్నిస్ తెలియని తోటి విద్యార్థుల కోసం మ్యాచ్ పాయింటు అంటే ఏమిటో ఒక చిన్న వాక్యంలో చెప్పండి. విద్యార్థి తరగతి, ఊరు రాయవచ్చు. ఫోన్ నంబరు గాని, మార్కులు గాని రాయకూడదు.

నిర్ణయాన్ని ఒక్కరే చేయడం మంచిది కాదు. ఇద్దరు వ్యాయామ అధ్యాపకులు, ఆ వారం ఆడని ఒక సీనియర్ ఆటగాడు కలిసి ముగ్గురైతే సరిపోతుంది. తన కళాశాల కుర్రాడి పేరు పరిశీలనలో ఉన్న అధ్యాపకుడు అతని గురించి వివరం చెప్పవచ్చు గాని ఓటు వేయకూడదు. ఎవరూ అర్హులు కారనిపించిన వారం పేరు ప్రకటించకుండా వదిలివేయడానికి వెనకాడవద్దు. వానల వల్ల ఒక్క మ్యాచ్ కూడా పూర్తికాని వారాలు మాకు ప్రతి ఏడాదీ ఉంటాయి.

ప్రకటన తరువాత తప్పు బయటపడితే, మరుసటి సోమవారం అదే బోర్డు మీద, అదే సైజు అక్షరాల్లో సవరణ పెట్టాలి. స్కోరు షీట్లను తేదీల వారీగా దారం కుట్టి ఒక ఫైలులో ఉంచండి. విశ్వవిద్యాలయం జట్టుకు ఎంపికలు జరిగే రోజున, కుర్రాడు ఆ ఫైలులోంచి తన మూడు పేజీలు జిరాక్స్ తీయించుకుని తీసుకెళ్లగలగాలి.